చాలు

పెయింటు డబ్బాల బండితో
ఆ కొండని మూడుసార్లు చుట్టాను.
ఊరు దొరకలేదు.
దుప్పటి కప్పుకున్న గొర్రెల కుర్రాడు
మడతల్లోంచి ఒక్క వేలు బయటపెట్టి
అదిగో, అన్నాడు.
నాకు కొండే కనిపించింది.

కాసేపటికి కొండ పొగ వదిలింది.
అప్పుడు తెలిసింది
ఆ ఎర్రటి గుండ్రాయి రాయి కాదని,
దాని నెత్తిన ఎండిన గడ్డి
ఎవరో కూర్చుని అల్లిందని.

దగ్గరికెళితే ఇల్లు.
వెనక గోడ కొండరాయే.
ముందు గోడ చుట్టు తిరిగొచ్చి
మళ్ళీ ఆ రాతినే ఆనుకుంది,
ఆవు పక్కలో దూడలా.
ఎక్కడా మూల లేదు.
చీపురు ఒక్కచోటా తడబడక్కర్లేదు.

మసేరు నుంచి తెచ్చిన రంగుల పట్టీ నా చేతిలో.
నూట నలభై రంగులు, ఒక్కోదానికి ఒక నంబరు.
గోడ పక్కన పెట్టి చూశాను.
ఆ జాజు నా దగ్గర లేదు.
పేడ ఆరీ ఆరనప్పటి పచ్చ లేదు.
పొయ్యి మసికి మా కంపెనీ వాళ్ళు
అర్ధరాత్రి అని పేరు పెట్టారు.
అదీ కలవలేదు.

పుసెలెత్సో నావైపు తిరగలేదు.
తడి ఆరకముందే గీయాలి కదా.
నడిమి పన్ను విరిగిన ఫోర్కుతో
పైనుంచి కిందికి లాగుతోంది.
రెండు చాళ్ళు, ఒక సందు, ఒక చాలు.
పన్ను విరిగినచోట
దున్నని గట్టు మిగిలింది.

ఎదుటి వాలులో ఆమె తమ్ముడు మోలెఫీ
రెండెద్దులతో మొక్కజొన్న మడి దున్నుతున్నాడు.
ఆయన మలుపు తిరిగితే
ఈమె మణికట్టు మలుపు తిరిగింది.
దుక్కికీ గోడమీది గీతకీ
మా భాషలో ఒకే మాట.
నేను పట్నంలో పెరిగాను,
ఆ మాట ఎప్పుడూ కళ్ళతో చూడలేదు.
చాలు పక్కన చాలు వేస్తూ
చాలు అనని ఆ చెయ్యి చూశాను.

అయినా నా పని నేను చెయ్యాలి.
"అమ్మా, ఇది పదేళ్ళు చెక్కుచెదరదు.
వానొచ్చినా, వడగళ్ళొచ్చినా."

ఫోర్కు ఆగింది.
"వానకి కరగదా?"
"బొట్టు కూడా."
"మరి నేను అడిగిన సంగతి
మట్టికింద పడుకున్నవాళ్ళకి
ఎవరు చేరేస్తారు నాయనా?"

దానికి నా దగ్గర కరపత్రం లేదు.

గోడంటే ఆమెకి ఉత్తరం.
వాన చదువుతుంది. చదివి చెరిపేస్తుంది.
చెరిగితే అందినట్టు.

"మా అమ్మ గోడ ఒకసారి
రెండేళ్ళు నిలబడింది," అంది.
"ఎంత అందంగా ఉండేదో!
ఇంట్లో గింజ లేదు."

నన్ను వట్టిచేతులతో మాత్రం పంపలేదు.
వాన పేరు పెట్టుకున్న మనవరాలు పులానె
అన్నిటికన్నా చిన్న డబ్బా, నీలం,
కడుపుకి హత్తుకుని వదల్లేదు.
తలుపుకి సరిపోతుందిలే, అంది పుసెలెత్సో,
కొంగున ముడేసిన చిల్లర
రెండుసార్లు లెక్కపెట్టి.

జనవరిలో మళ్ళీ వెళ్ళాను.
మలోటి కొండల మీద ఉరుములు,
బండి చక్రాలు బురదలో.
ఊరు ఈసారి సులువుగా దొరికింది.
కొండకి ఒక నీలం తలుపుంది.

జాజు గోడ దిగిపోయింది.
సుద్దనీ మసినీ చెయ్యిపట్టుకుని
వాకిలి దాటి, కలబంద మొదళ్ళు చుట్టి,
ఎర్రటి పాయై మోలెఫీ మడిలోకి నడిచింది.
మొక్కజొన్న నడుం దాటింది.
దుక్కి చాళ్ళు ఆకుల కింద,
గోడ చాళ్ళు నీళ్ళ కింద,
ఏది ఎక్కడ మొదలైందో
నా నంబర్లకి అందలేదు.

జేబులో రంగుల పట్టీ తడిసింది.
నంబర్లు కరిగాయి.
రంగులు కరగలేదు.

పుసెలెత్సో మోచేతుల దాకా పేడలో ఉంది,
కొత్త గోడకి కలుపుతోంది.
పులానె చేతిలో అదే ఫోర్కు.
మాట కలపాలని
"తలుపు బావుంది కదమ్మా," అన్నాను.

"బాగానే ఉంది పాపం,"
నుదుటి చెమట భుజానికి తుడుచుకుంది.
"దానికే కాస్త
చెవుడు."